నలభై ఏడు కిలోల నీటిగండం

ఇంటి పిల్ల నీళ్లలో మునిగి, గడ్డం చీరుకుపోయి, వణుకుతూ గుమ్మంలోకి వస్తే మీరు మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు? డాక్టరుకా, పంతులుకా? నిజం చెప్పండి. మా అక్క పంతులుకు చేసింది. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్లాను. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. మేము తిరిగి వచ్చేసరికి పంతులు ఫోన్లోనే తన పని పూర్తి చేసేశాడు. పిల్లకు జలగండం నడుస్తోందట.

ఆ పిల్ల నా మేనకోడలు. ఇరవై రెండేళ్లు. సూరత్‌లో పుట్టి సూరత్‌లో పెరిగింది. ఊరి చివర సచిన్ అనే పారిశ్రామికవాడలో ఎంబ్రాయిడరీ యంత్రాలు బాగుచేసే చోట ఉద్యోగం. ఓడలు విరగ్గొట్టే రేవు నుంచి వచ్చిన పాత సామాను అమ్మే ఒక దుకాణంలో, తుప్పు పట్టిన వంట గిన్నెలకూ పడవ కుర్చీలకూ మధ్య ఒక పాత జెట్ స్కీ కనిపిస్తే, తన జీతంతో కొనుక్కుంది. నిలబడి నడిపే రకం అది. నీళ్ల మీది స్కూటరు అనుకోండి, సీటు మాత్రం ఉండదు. వెనక తొట్టిలాంటి చోట మనిషి నిలబడాలి. ముక్కు దగ్గర మడతబందు వేసిన పొడుగాటి కడ్డీ ఒకటి పైకి లేస్తుంది, దాని చివర హ్యాండిల్ ఉంటుంది. ముందు పొట్ట మీద పడుకుని బండిని కదిలించాలి. వేగం అందుకున్నాక మోకాళ్ల మీదికి, ఆ తర్వాత కాళ్ల మీదికి లేవాలి. ఇంజన్ను నా దుకాణంలోనే మూడు నెలలు కూర్చుని తానే బాగుచేసింది. నాది మగ్గాల మరమ్మతు దుకాణం. పట్టీలు, గేర్లు, మోటార్లు నాకు తెలుసు. నీళ్ల మీద నడిచే యంత్రాన్ని ముట్టుకోవడం నాకదే మొదలు.

ఆ ఆదివారం పొద్దున, అమ్రోలి దగ్గర తాపీ నదిలో ఆనకట్ట వల్ల నీళ్లు నిలిచి ఉండేచోట దించాం. ఇంజన్ మొదటి లాగుడుకే అందుకుంది. పిల్ల పొట్ట మీద పడుకుని గ్యాస్ ఇచ్చి ఇంజన్ వేగం పెంచింది. బండి ముక్కు లేచింది, తోక దిగింది. ఎంత గ్యాస్ ఇచ్చినా తోక పైకి రాలేదు. మూడోసారి మోకాళ్ల మీదికి లేవబోయేసరికి వెనక భాగం నీళ్లలోకి జారిపోయింది, కడ్డీ వచ్చి గడ్డానికి తగిలింది, బండి పక్కకు తిరగబడింది. పడవ నడిపే ఒకాయన తాడు వేసి దాన్ని ఒడ్డుకు లాగాడు. ముక్కు ఒక్కటే జానెడు పైకి కనిపిస్తోంది.

జరిగింది ఇంతే. సాయంత్రానికి మా అక్క ఇంట్లో అదొక పురాణమైంది.

అక్క స్టీలు పెట్టెలోంచి ఒక కాగితం తీసింది. పిల్ల పుట్టినప్పుడు మా సొంత ఊళ్లో రాయించిన జాతకం. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు వేసి ఉంది.

"చూసినవా తమ్మీ? ఇరవై రెండో ఏట నీటి గండం అని రాసిండు. దీనికి గిప్పుడు ఎన్నో ఏడు?"

"ఇరవై రెండు."

"మరి?"

"మరి ఏంది అక్కా? సూరత్‌ల ఇరవై రెండేండ్లోల్లు ఎంతమంది లేరు? అందరు మునిగిన్రా?"

"అందరు నీళ్లల్లకు పోలేదు గద!"

చిన్నప్పటి నుంచి సభల్లో వాదించినవాణ్ని. ఆ మాటకు మార్కులు అక్కకే వేశాను.

మా బావ పల్సానాలో ఒక రంగుల మిల్లులో బట్టను ఆరబెట్టే యంత్రం నడుపుతాడు. మనిషి మెత్తన, మాట గట్టి. "ఇగో బామ్మర్దీ," అన్నాడు, "నీ ఉపన్యాసం సంఘం హాల్ల ఇచ్చుకో. పాత ఇనుము కొనే కబాడీ ఆయనకు చెప్పిన. వచ్చే ఐతారం టెంపో తెస్తడు. గా దయ్యపు బండి నా బిడ్డ కండ్లకు కనవడొద్దు."

"దయ్యం లేదు బాపూ. ఎనుక బరువున్నది," అంది పిల్ల, గడ్డానికి కట్టిన కట్టు కదలకుండా.

"బరువు ఇంజన్‌ది."

"ఇంజన్ ముంగటుంటది."

బావ నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకున్నాను. కానీ పిల్ల నవ్వడం లేదు. "అమ్మ ఏడుస్తుంటే నేను నీళ్లల్లకు పోను మామా. అమ్మ సరే అంటేనే పోత," అని నాతో మెల్లగా అంది. ఆ మాటతో నాకు కోపం నషాళానికంటింది. ఒక కాగితం ముక్క ఒక మనిషిని ఆమె అమ్మ కన్నీళ్లతో కట్టేస్తోంది! తాళ్లు తెంచవచ్చు, కన్నీళ్లను ఎట్లా తెంచుతారు?

పందెం వేశాను. వచ్చే ఆదివారం లోపల ఆ బండి ఎందుకు మునిగిందో కారణం చూపించి, దాన్ని తేల్చి చూపిస్తాను. చూపిస్తే టెంపో వెనక్కి పోవాలి, పిల్ల నీళ్ల మీదికి పోవాలి, ఎవరూ ఏడవకూడదు. చూపించలేకపోతే?

"గండశాంతికి పీటల మీద నువ్వు కూసోవాలె," అన్నాడు బావ. "పంచె కట్టుకొని, నెయ్యి నువ్వే పొయ్యాలె."

"కూసుంట. గుండు గూడ కొట్టించుకుంట."

"గుండెందుకు తమ్మీ," అంది అక్క, ఏడుపు మధ్యలోనే. "ఉన్నయే నాలుగెంటికలు."

సోమవారం సాయంత్రం పిల్ల డ్యూటీ దిగి నా దుకాణానికి వచ్చింది. నూలు మూటలు, మోటార్లు తూచే పెద్ద కాటా నా దగ్గర ఉంది. ఇద్దరు హమాలీలను పిలిచి బండిని దాని మీద పెట్టించాం. ట్యాంకులో పెట్రోలు ముందే తీసేశాం. ఇంజన్ ఉండే గది పొడిగా తుడిచాం. ఆ రకం బండి పొడి బరువు ఎంత ఉండాలో పిల్ల తన ఫోన్లో పాత పుస్తకం వెతికి పట్టుకుంది. నూట ముప్పై ఒక్క కిలోలు.

కాటా నూట డెబ్బై ఎనిమిది చూపించింది.

మళ్లీ దింపి, కాటాను సున్నాకు తెచ్చి, మళ్లీ ఎక్కించాం. నూట డెబ్బై ఎనిమిది.

పాఠకులారా, ఆ నిమిషం నాకు ఎట్లా ఉందో ఎట్లా చెప్పను? నలభై ఏడు కిలోలు! ఒక మనిషి దాక్కున్నంత బరువు! అది ఎక్కడ ఉంది? లోపల ఇంకో ఖాళీ గది కనబడలేదు. బయట అంటుకున్నది ఏమీ లేదు. గ్రహదోషాలకు బరువుంటుందని ఎవరూ చెప్పలేదు. పిల్ల, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వాం. హమాలీలు మమ్మల్ని చూసి నవ్వారు. చేతికి దొరకని దాన్ని అంకె పట్టి ఇచ్చింది, ఇంతకంటే సంబరం ఏముంటుంది?

నిలబడే తొట్టి అడుగున రబ్బరు చాప ఉంది. దాన్ని లేపి, కింది ఫైబర్ పలకకు పిల్ల డ్రిల్లుతో వేలెడు కన్నం పెట్టింది. ముందు ఏమీ రాలేదు. బండిని కొంచెం వంచాం. కన్నంలోంచి గోధుమరంగు నీరు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. మురిగిన కుంట వాసన, పాత పెట్రోలు వాసన కలిసి వచ్చింది. పలకను కోసి తీశాం. కింద, పక్కల, బండి పొట్ట నిండా ఫోమ్, అంటే గట్టిపడిన నురుగు. పసుపు రంగులో ఉండాల్సింది నల్లబడి ఉంది. పిల్ల ఒక ముక్క పీకి నా అరచేతిలో పెట్టింది. పిడికెడు ముక్క, ఇటుక పెడ్డలా దిగింది.

ఆ ఫోమ్ పని తేల్చడం. బండి ఎక్కడైనా పగిలినా, నీళ్లు నింపుకోవడానికి ఖాళీ లేకుండా అది చోటు ఆక్రమించుకుని ఉంటుంది. అందుకే బండి అడుక్కు పోదు. తేల్చవలసినదే నీళ్లు తాగి కూర్చుంది.

"తీసేసి కొత్తది పొయ్యాలె మామా," అంది పిల్ల.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ రాతకు విలువ లేదు.

ఫోన్లో సంగతి వినగానే బావ మెత్తబడ్డాడు. తడిసిన వస్తువు! అది ఆయన రాజ్యం. "పారేస్తరా? పిచ్చోల్లా? తడిసింది అంటే ఆరుతది. రోజుకు ఎన్ని వేల మీటర్లు ఆరబెడుతున్న నేను! తీస్కరా." నాకూ అదే సబబుగా తోచింది. మా నేత కులంలో, మా పనిలో, తడిసిన దాన్ని పారేసిన మనిషి లేడు. నూలు తడిస్తే ఆరేస్తాం, చీర తడిస్తే ఆరేస్తాం, వరద వచ్చి గోడౌన్ మునిగితే తాన్లన్నీ మేడ మీద ఆరేస్తాం. పిల్ల మాత్రం ఇది బట్ట కాదంది. నేను ఊరుకున్నానా? గుక్క తిప్పుకోకుండా వాదించాను. నీరు వేడికి ఆవిరవుతుంది, ఇది ప్రకృతి ధర్మం, దీనికి మినహాయింపు కోరేవాడు మూఢుడు అన్నాను. ఫోమ్‌కు మినహాయింపు ఉందంటే జాతకానికీ ఉందంటారు రేపు అన్నాను. పిల్ల వెళ్లి గోనెసంచి వెతికి తెచ్చింది. నేను గెలిచాను. రెండు రోజులు పోయాయి.

పెద్ద పెద్ద ముక్కలుగా తొమ్మిది కిలోల ఫోమ్ తూచి, గోనెసంచిలో వేసి పల్సానా తీసుకెళ్లాం. వాళ్ల ముకద్దం, అంటే ఆ షిఫ్టు మీద పెద్ద, బావకు పాత స్నేహితుడు. బట్ట ఆరే యంత్రం పైన వేడిగాలి బయటికి కొట్టే చోట ఇనుప జాలీ మీద ముక్కలు పరిచాం. ఒక షిఫ్టంతా అక్కడే ఉంచాం. మధ్యలో ముకద్దం ముక్కు మూసుకుని పైకి ఎక్కి వచ్చాడు.

"అరే భాయ్, క్యా పకా రహే హో? ఢోక్లా?" ఏం వండుతున్నారు, సెనగపిండి పొంగించి చేసే ఢోక్లానా అని ఆయన వెటకారం.

"ఫోమ్ హై సాబ్," అన్నాడు బావ.

"సాత్ మే చట్నీ భీ లాయా క్యా?" చట్నీ కూడా తెచ్చావా అని నవ్వాడు.

షిఫ్టు దిగే వేళకు ముక్కల పైన చెయ్యి పెడితే ఎండు రొట్టెలా గరగరలాడింది. బావ కళ్లలో వెలుగు! నేను ఆయన భుజం చరిచాను. ఇద్దరం సంచి భుజాన వేసుకుని, పెళ్లికొడుకును తెస్తున్నట్టు ఇంటికి తెచ్చాం. అక్క చాట చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉంది. సంచిలోంచి ఒక ముక్క తీసి చేతిలో ఎగరేసింది. అక్క ముప్పై ఏళ్లుగా నూలు కండెలు చుడుతోంది. తూకంలో మోసం చేయడానికి వ్యాపారి నూలుకు తేమ పట్టిస్తే, కండె చేతిలోకి రాగానే చెప్పేస్తుంది.

"ఇంకా నీళ్లున్నయి," అంది.

"ఎట్లుంటయి? గరగరమంటున్నది గద!" బావ గొంతు లేచింది.

"పైన గరగర. నడుమ నీళ్లు. కావాలంటే కొయ్యుండ్రి."

కత్తిపీట మీద కోసింది. లోపల పచ్చిపుండులా నల్లటి చెమ్మ. వేలితో నొక్కితే బొట్లు మెరిశాయి. మర్నాడు దుకాణంలో కాటా మీద పెట్టాం. తొమ్మిది కిలోలు ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములైంది.

చిన్నప్పుడు మా కులసంఘం హాల్లో ఆదివారాలు వాదసభలు జరిగేవి. పెళ్లి ఖర్చులు తగ్గించాలా, వితంతువు బొట్టు పెట్టుకోవచ్చా, పిల్లల్ని మగ్గం మీదికా బడికా, ఇలాంటివి. నడిపే పెద్దాయన ఒక నియమం పెట్టాడు. ఓడినవాడు చప్పట్లు కొట్టి కూర్చుంటే చాలదు. లేచి నిలబడి, గెలిచినవాడి వాదాన్ని సొంత మాటల్లో, ఎగతాళి లేకుండా, అవతలివాడు అవునని తలూపేదాకా చెప్పాలి. గొప్ప గొప్ప వక్తలు అక్కడ చెమటలు కక్కేవారు. కాటా పక్కన పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. ఆ నియమం ఆమెకూ తెలుసు, నేనే చెప్పాను.

లేచి నిలబడ్డాను.

"బట్టల దారానికీ దారానికీ నడుమ తొవ్వలుంటయి. నీరు ఎట్ల వస్తదో అట్ల పోతది. ఫోమ్‌ల తొవ్వలుండయి. తలుపుల్లేని చిన్న చిన్న అర్రలుంటయి. ఏండ్లకేండ్లు నీళ్లల్ల నానితే గోడల గుండ నీరు మెల్లగ లోపటికి దిగుతది. ఒక్క షిఫ్టు వేడి తలిగితే పై అర్రలు ఎండుతయి, లోపటి అర్రలు అట్లనే ఉంటయి. ఎండబెట్టాల్నంటే అది లోపటికి పోయినన్ని దినాలు పడుతది. కాబట్టి తీసేయాలె."

"ఇంకా?" అంది పిల్ల.

"ఇంకా ఏంది?"

"నా మాట వినలే అని గూడ చెప్పు మామా."

"నీ మాట వినలే."

అప్పుడు తలూపింది. నిజం చెబుతున్నాను, ఓడిపోయినందుకు నాకు ఆ రోజు ఒళ్లంతా ఉత్సాహం. నా మూఢనమ్మకం ఒకటి నా కళ్ల ముందు కాటా మీద చచ్చింది! పంతులు కాగితం ఒక నమ్మకమైతే, 'తడిసిందల్లా ఆరుతుంది' అనేది మా మిల్లుల నమ్మకం. రెండోదానికి బొట్టు పెట్టం, అంతే తేడా. దాన్ని నేను సైన్సు అని పిలిచాను కూడా!

గురువారమంతా తవ్వకం. బావ సెలవు పెట్టాడు. తానే పెట్టాడు, ఎవరూ అడగలేదు. పొడుగు కత్తులు, వంగిన ఇనుప కొక్కేలు, పాత గరిటెలు, ఏది దొరికితే అది. చెయ్యి పట్టని మూలల్లోకి అక్క చెయ్యి పట్టింది. అక్క ఎందుకు వచ్చిందని నేను అడగలేదు. కండెలు చుట్టే సన్నని వేళ్లతో ముక్కు దాకా తడిమి తడిమి బయటికి లాగింది. నల్లటి గుజ్జు బకెట్లకు బకెట్లు. ప్రతి బకెట్టూ కాటా ఎక్కింది. బావ గోడ మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. ముప్పై దాటినప్పుడు ఈల వేశాడు. నలభై దాటినప్పుడు, "ఇంత నీళ్లు మోసుకుంట నా బిడ్డ లేవాల్నా?" అని ఎవరితోనో కొట్లాడుతున్నట్టు అరిచాడు.

పొట్ట ఖాళీ అయ్యాక బావ ఒక మంచి ప్రశ్న వేశాడు. "గిప్పుడు తేలికైంది గద. ఖాళీగనే ఉంచుదాం. మళ్ల ఫోమ్ ఎందుకు?"

"ఖాళీ ఉంటే బిందె లెక్క బాపూ," అంది పిల్ల. "బిందెకు చిల్లు పడితే?"

"మునుగుతది."

"బిందెల బెండు నింపి ఉంటే?"

బావ ఆలోచించాడు. "చిల్లు పడ్డా తేలుతది." తర్వాత తనకే చెప్పుకున్నట్టు మళ్లీ ఒకసారి అన్నాడు.

కొత్త ఫోమ్ పోసే ముందు పిల్ల ఒక పట్టు పట్టింది. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా పొయ్యనంది. బండిని బోర్లించి, సందుల్లోకి లైటు పెట్టి, ఇంటిల్లిపాదీ వెతికాం. చివరికి తొట్టి వెనక అంచున దొరికాయి. రెండు స్క్రూ కన్నాలు. ఎప్పుడో ఎవరో తాడు కట్టడానికి ఒక కొక్కెం బిగించి, తర్వాత పీకేసి, కన్నాలకు ఏమీ పూయకుండా పైన రబ్బరు చాప అంటించేశారు. పెసరగింజ పట్టే కన్నాలు. బావ చూపుడు వేలు వాటి మీద పెట్టి చాలాసేపు తీయలేదు. నేను అక్కను పిలిచి చూపించాను.

"అక్కా, గండం గిదే. రెండున్నయి."

అక్క కొంగు సర్దుకుని వంగి చూసింది.

రెండు రాత్రులు, ఒక పగలు ఫ్యాన్లు పెట్టి పొట్టను ఆరబెట్టాం. ఫైబర్ పలక నిజంగానే ఆరుతుంది, దాన్ని తూచి మరీ ఒప్పుకున్నాం. శనివారం మధ్యాహ్నం తలుపులన్నీ తీసి, మూతులకు గుడ్డలు, చేతులకు తొడుగులు వేసుకుని కొత్త ఫోమ్ పోశాం. అది రెండు ద్రవాలుగా వస్తుంది. సమానంగా కలిపి, గబగబా తిప్పి, పోసెయ్యాలి. క్షణాల్లో పొంగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ఆ ఒత్తిడికి బండి పొట్టే ఉబ్బిపోతుంది. కలపడం, లెక్కపెట్టడం ఎవరికి అప్పగించాలి? రంగుల మిల్లులో ఇరవై ఏళ్లున్న మనిషి ఉండగా!

"ఏక్, దో, తీన్..." బావ కర్రతో తిప్పుతూ లెక్కపెట్టాడు. "పొయ్యి! చాలు! ఆపు!"

పసుపు ద్రవం అడుగున పడింది. ఏమీ కాలేదు. నలుగురం వంగి చూశాం. రంగు పాలిపోయింది, బుడగలు లేచాయి, ఆ తర్వాత అది లేవడం మొదలుపెట్టింది! ఇడ్లీ పిండి రాత్రంతా పడే కష్టం అరనిమిషంలో పడింది. పైకి, పక్కలకు, మూలల్లోకి పాక్కుంటూ, పొంగి పొంగి ఆగింది. వేలితో తాకితే గట్టి, వెచ్చన. అక్క చప్పట్లు కొట్టింది. కొట్టి, చుట్టూ చూసి, చేతులు కొంగులో దాచుకుంది. అట్లా కొంచెం కొంచెంగా తొమ్మిది సార్లు పోశాం. ఒకసారి బావ లెక్క తప్పి గిన్నెలోనే పొంగిపోయింది. పుట్టగొడుగులా నిలబడ్డ దాన్ని కర్రతో సహా పైకెత్తి, "ముకద్దంకు ఢోక్లా తీస్కపోత," అన్నాడు. మిగిలినది కోసి చదును చేసి, పైన ఫైబర్ గుడ్డ, రెసిన్ జిగురు వేసి మూశాం. ఆ రెండు కన్నాలను పిల్ల తన చేత్తో పూడ్చింది.

ఆదివారం పొద్దున్నే కాటా నూట ముప్పై మూడు చూపించింది. బావ అంకెను రెండుసార్లు పైకి చదివాడు. మళ్లీ తాపీ ఒడ్డు. కబాడీ ఆయన టెంపో కూడా వచ్చింది. రమ్మన్నది ఆ రోజే కదా, పాపం, ఆయన మాట తప్పే మనిషి కాదు. టెంపో ఒడ్డున ఆపుకుని, బీడీ ముట్టించి, తమాషా చూడటానికి కూర్చున్నాడు. బండిని దించే ముందు బావ జేబులోంచి నిమ్మకాయ, మిరపకాయల దండ తీశాడు. నేను నోరు తెరిచాను.

"ఉండనీ మామా," అంది పిల్ల. "నిమ్మకాయ నీళ్లల్ల తేలుతది. మన లెక్కకు అడ్డం రాదు."

బండిని వదిలాం. తేలింది! వారం కిందట నీళ్లలో కూరుకున్న ఆ తోక, ఇప్పుడు బాతులా పైకి నిక్కి ఉంది. పిల్ల లైఫ్ జాకెట్ బిగించుకుని, పొట్ట మీద పడుకుని గ్యాస్ ఇచ్చింది. మోకాళ్ల మీదికి వచ్చింది. లేవబోయి పడిపోయింది.

అక్క కేక నది అవతలికి వినబడి ఉంటుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అందరూ నీళ్ల వైపే చూస్తున్నారు. బండి మునగలేదు. ఇంజన్ నెమ్మదిగా కొట్టుకుంటూ ఆగిపోయింది, ఉన్నచోటనే ఊగుతూ నిలబడింది. పిల్ల దాని వైపు ఈదుకుంటూ పోయింది. చేతులు బారలు వేస్తూ, తల పక్కకు తిప్పి ఊపిరి తీస్తూ, చక్కగా ఈదింది.

అక్క నా చెయ్యి విడిపించుకుంది.

"దీనికి ఈత ఎవరు నేర్పిన్రు?"

ఏ ఈతకొలను దగ్గరికీ అక్క ఆ పిల్లను పోనివ్వలేదు. బడి వాళ్లు తీసుకెళ్తామంటే జ్వరమని చీటీ రాయించేది. కాగితంలో రాసి ఉంది కదా, నీటి గండం. పిల్లకు పదమూడేళ్లప్పుడు ఒక వేసవంతా నేను లైబ్రరీ అని చెప్పి కార్పొరేషన్ ఈతకొలనుకు తీసుకెళ్లాను. తొమ్మిదేళ్లుగా దాచిన మాట. ఇప్పుడిక చెప్పక తప్పలేదు.

"నేనే అక్కా. లైబ్రరీ అని చెప్పి."

"అబద్ధం చెప్పినవా నాకు?"

"చెప్పిన."

"పోయిన ఐతారం... పడవాయన తీసిండనుకున్న."

"పడవాయన బండిని తీసిండు. పిల్ల తనే ఈదుకుంట ఒడ్డుకొచ్చింది."

అక్క నాలుగడుగులు ముందుకు వేసి నీటి అంచున నిలబడింది. నీళ్లలో పిల్ల మళ్లీ ఎక్కి, మళ్లీ పడింది. ఈసారి అక్క కేక వెయ్యలేదు. మూడోసారి బండి ఈల వేస్తున్నట్టు లేచింది, పిల్ల మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి కాళ్ల మీదికి లేచింది. నిలబడింది! కడ్డీ పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, నిలబడే తాపీ మీద పెద్ద సున్నా చుట్టింది. బావ ఒడ్డు వెంట చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. పడవల వాళ్లు కేకలు వేశారు. టెంపో ఆయన లేచి నిలబడి, "వాహ్ బేటీ!" అని బీడీ పారేశాడు. ఇంత మాటకారిని, నేను మాత్రం రెండు చేతులూ పైకెత్తి ఊపాను.

బావ రొప్పుతూ తిరిగి వచ్చి, "భాయ్, ఖాళీ జావ్," అని టెంపో ఆయనకు దండం పెట్టాడు.

"గండశాంతి?" అని నేను అక్కను అడిగాను.

"కాగితం నా పెట్టెల ఉండనీ," అంది అక్క, నీళ్ల మీదినుంచి చూపు తిప్పకుండా. "పిల్ల నీళ్ల మీద ఉండనీ." కాస్త ఆగి, నా వైపు తిరిగింది. "నాకు చెప్పుంటే ఆ కొలను కాడికి నేను గూడ వస్తుంటి గద తమ్మీ. గోడ అవతలుండి అన్న చూస్తుంటి."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తొమ్మిదేళ్లు నేను గెలిచాననుకున్నాను. నేను చేసిందల్లా అక్కతో వాదించకుండా తప్పించుకోవడం. ఆమె భయాన్ని ఆమెకే వదిలేసి, పిల్లను మాత్రం తీసుకుని పారిపోయాను. ఆ మూడు కుట్ల రోజు ఆమె అంత ఏడ్చిందంటే, తన బిడ్డకు ఈత వచ్చని ఆమెకు తెలియకే. చెప్పనివాణ్ని నేనే.

నీటి గండం ఉందని మీ ఇంట్లో ఏ పిల్లను నీళ్లకు దూరంగా ఉంచారో మీకు తెలుసు. ఆ గండాన్ని తయారుచేసేది ఆ దూరమే. ఈత రాని పిల్ల ఏదో ఒక రోజు నీటి అంచుకు వెళ్లక తప్పదు. నాలా దొంగతనంగా తీసుకెళ్లకండి. ఈ వారమే, పట్టపగలు, భయపడే ఆ తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. మీ ఊళ్లో ఈతకొలను ఎక్కడుందో కనుక్కోండి, పిల్ల పేరు రాయించండి, తల్లిని గట్టు మీద కూర్చోబెట్టండి. లేవండి, ఇప్పుడే వెళ్లి కనుక్కోండి.